గుడ్డు కన్నా ముందు షెడ్డును పరీక్షించాలి

విశాఖ రైతుబజార్లలో గుడ్లు కొనేటప్పుడు పెంకు పగిలిందేమోనని చూసుకుంటాం. కొందరు ఇంటికెళ్లాక నీళ్లలో వేసి చూస్తారు. తేలితే పాతదని తెలుస్తుంది, అంతే. లోపల మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందో లేదో ఆ పరీక్షతో తేలదు.

సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే రకం కోడి అండాశయంలోకి చేరి, పెంకు కట్టకముందే సొనలోకి దిగగలదు. కోడి మాత్రం మామూలుగానే మేత తింటుంది, గుడ్లు పెడుతుంది. కోళ్లకు టైఫాయిడ్ తెచ్చే గల్లినారం రకమైతే కోళ్లు ముడుచుకుపోతాయి, చనిపోతాయి. రైతు వెంటనే పసిగడతాడు. అది మనుషులకు సోకడం చాలా అరుదు. మనల్ని ఆస్పత్రి పాలు చేసేదే గుట్టుగా ఉండిపోతుంది. ఇందులో రైతును తప్పుపట్టడం అన్యాయం.

సోకిన కోడి పెట్టే గుడ్లలో కూడా బ్యాక్టీరియా ఉండేవి కొన్నే. నాలుగు గుడ్లు పగలగొట్టి చూసి 'అంతా బాగుంది' అనుకోవడానికి లేదు. అందుకే కోళ్లుండే షెడ్డును పరీక్షించాలి. కేజ్‌ల కింది పెంటను, దుమ్మును తడి గాజుగుడ్డతో అద్ది ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, మరో దశ దాటించి, బ్యాక్టీరియాను పెంచే ఎర్రటి జెల్లీ పళ్లెం, అంటే ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు మీద గీతలుగా పూస్తారు. నడుమ నల్లచుక్కతో కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) లేస్తే అనుమానించాల్సిందే. ఇలా పెంచి చూసే కల్చర్‌కు కొన్ని రోజులు పడుతుంది, బ్యాక్టీరియా డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షతో త్వరగా తేలుతుంది. అమెరికాలో 2009 నిబంధన ప్రకారం పెద్ద ఫారాల్లో కోళ్లకు 40–45 వారాల వయసులో షెడ్డు పరీక్ష తప్పనిసరి. పాజిటివ్ వస్తేనే గుడ్ల వంతు.

మన ఊరి ఉక్కపోతలో ఇది ఇంకా ముఖ్యం. వెచ్చటి చోట రోజులు గడిచేకొద్దీ పచ్చసొన పొర బలహీనపడుతుంది. లోపలి పోషకాలు అందితే బ్యాక్టీరియా జోరందుకుంటుంది. పూర్తిగా ఉడికిస్తే చస్తుంది. ప్రమాదమంతా హాఫ్‌బాయిల్‌తో, పచ్చిగుడ్డు మయోనైజ్‌తో. తెలంగాణ 2024 అక్టోబరులో ఆ మయోనైజ్‌ను నిషేధించింది. మంచి పనే, కానీ అది చివరి మెట్టు దగ్గర వేసిన గొళ్లెం.

అంగన్‌వాడీలకు, బడులకు గుడ్లు కొనేది ప్రభుత్వమే. షెడ్డు పరీక్ష రిపోర్టు, ట్రే మీద గుడ్డు పెట్టిన తేదీ ఉండాలని టెండర్‌లోనే రాయొచ్చు. ఆ ఖర్చు రైతు మీద వేయకూడదు. గుడ్డు ధర రోజూ మారుతుంటే ఆయనకు ఉండే టెన్షన్ చాలు. పాజిటివ్ వచ్చిన షెడ్డు గుడ్లను పారేయనక్కర్లేదు, పాశ్చురైజ్ చేసి బేకరీలకు ఇవ్వొచ్చు. ఆ దారి ముందే చూపిస్తే రైతులు షెడ్డులో స్వాబ్ (గుడ్డతో అద్దిన నమూనా) తీయించుకోవడానికి జంకరు.