ప్రీఫ్యాబ్ ఇంటికి సొంత ఆర్కిటెక్ట్ అవసరమా?

ప్రీఫ్యాబ్ ఇల్లు, అంటే భాగాలు ఫ్యాక్టరీలో తయారుచేసి సైట్‌లో బిగించే ఇల్లు, కొనేవాళ్లు ఆర్కిటెక్ట్ ఫీజు మాట వినగానే వెనక్కి తగ్గుతారు. డిజైన్ కంపెనీయే ఇస్తుంటే ఇంకొకరికి డబ్బులెందుకు అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కంపెనీ డిజైనర్ కంపెనీ మనిషి. కొటేషన్‌లో ఏమేం లేవో మీకు వివరించే బాధ్యత అతనికి లేదు.

అసలు ఖర్చు దాక్కునేది అక్కడే. 'సైట్ పనులు కొనుగోలుదారు చూసుకోవాలి' అని చివరి పేజీలో ఒక్క ముక్క ఉంటుంది. మట్టి పరీక్ష, నేల చదును, పునాది, డ్రైనేజీ, కరెంటు, నీళ్లు, ఒక్కోసారి క్రేన్ కూడా ఆ ముక్క కిందికే వస్తాయి. రెండు కొటేషన్లలో చవకగా కనిపించేది చాలాసార్లు వీటిని కలపనిదే. రెండింటినీ ఒకే లెక్కలోకి తెచ్చి చూపించే మనిషి మీ వైపు ఉండాలి.

పునాది సంగతే చూడండి. ఫ్యాక్టరీలో కొలతలు మిల్లీమీటర్లలో నడుస్తాయి, సైట్‌లో కాంక్రీటు పని అంత కచ్చితంగా సాగదు. ఇంటిని పునాదికి బిగించే యాంకర్ బోల్టు రెండు సెంటీమీటర్లు పక్కకు పడిందనుకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంటి భాగం (మాడ్యూల్) గాల్లో వేలాడుతుంటుంది, క్రేన్ అద్దె పెరుగుతుంటుంది, కింద ఇద్దరు డ్రిల్లింగ్ మెషీన్ కోసం పరుగెడుతుంటారు. తప్పు ఫ్యాక్టరీదా, పునాది వేసిన మేస్త్రీదా? ఇద్దరూ ఒప్పుకోరు. లారీ బయల్దేరకముందే ఆర్కిటెక్ట్ వచ్చి టేపు పట్టి చూసుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

అలాగని ఇల్లంతా ఆర్కిటెక్ట్ చేతిలో పెడితే ఉన్న ఆదా కూడా పోతుంది. ఒకే మోడల్ పదేపదే చేయడం వల్లే ఫ్యాక్టరీకి ఖర్చు తగ్గుతుంది. కప్పు వాలు మార్చి, లారీలో పట్టని వెడల్పు అడిగితే ఆ లాభం అక్కడితో సరి. వాల్టర్ గ్రోపియస్, కోన్రాడ్ వాక్స్‌మన్ అంతటి ఉద్దండ ఆర్కిటెక్ట్‌లు 1940ల్లో అమెరికాలో 'ప్యాకేజ్డ్ హౌస్' అనే ప్రీఫ్యాబ్ ఇల్లు రూపొందించారు. ప్యానెళ్ల అతుకుల మీద ఎంతో శ్రమపడ్డారు. అయినా ఆ ఇళ్లు చాలా కొద్దిగానే అమ్ముడయ్యాయి.

అందుకే నా లెక్కలో ఆర్కిటెక్ట్ పని కొటేషన్ పరిశీలన, సైట్ డ్రాయింగ్‌లు, తనిఖీల వరకే. చదునైన స్థలం, మార్పుల్లేని మోడల్ అయితే కొన్ని గంటల సలహా చాలు. ఫీజు మొత్తం ముందే ఖాయం చేసుకోండి. ఖర్చులో శాతం అంటే ఖర్చు పెరిగినకొద్దీ ఫీజూ పెరుగుతుంది. ముఖ్యంగా కంపెనీకి అడ్వాన్స్ కట్టకముందే పిలవండి. తయారీ మొదలయ్యాక ప్లగ్ పాయింట్ జరపాలన్నా వేరే బిల్లు పడుతుంది.