పడిపోయినవాళ్లకు బల్ల దగ్గర చోటుందా?

క్రీ.శ. 250 నాటి మాట. రోమా చక్రవర్తి డెసియస్ ఆజ్ఞ ప్రకారం ప్రతి ఒక్కరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల దగ్గర పత్రం తీసుకోవాలి. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రైస్తవులు చాలామంది లొంగిపోయారు. కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక ఈ 'పడిపోయినవాళ్లు' మళ్లీ సంఘంలో, ప్రభువు రొట్టె, ద్రాక్షారసపు గిన్నె పంచుకునే బల్ల దగ్గర చేర్చుకోమని వచ్చారు. చేర్చుకోవచ్చా అన్నదే ఒక సంఘ పెద్దకూ, సండే స్కూల్ టీచరమ్మకూ మధ్య వాదన.

పెద్దయ్య: జైల్లో చచ్చినవాడి భార్య ఒక పక్క కూర్చుంటుంది. ధూపం వేసి ఆస్తి కాపాడుకున్నవాడు ఇంకో పక్క కూర్చుంటాడు. ఇద్దరికీ ఒకే రొట్టె! చూసే రోమీయుడికి ఏమర్థమవుతుందమ్మా? ఈ దేవుణ్ణి కాదన్నా నష్టమేం లేదనే కదా.

టీచరమ్మ: ఆమె బాధ చిన్నదని నేననను అయ్యా. కానీ పడినవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. ఒకామెను భర్తే ఈడ్చుకెళ్లాడు. చేతులు పట్టుకుని బలి ఇప్పించారు. "నేను చేయలేదు, మీరే చేశారు" అని అరిచింది. ఆమెను దేశం నుంచి వెళ్లగొట్టారు.

పెద్దయ్య: అది అసలు పడిపోవడమే కాదు. తమంతట తామే పరుగెత్తినవాళ్ల సంగతేమిటి? సాయంత్రమైంది, రేపు రండని అధికారులంటే, కాదు ఇవాళే కానివ్వండని బతిమాలారట. కార్తేజ్ బిషప్ సిప్రియనే రాశాడు. అయినా ఆయనకేం హక్కుంది? హింస రాగానే దాక్కున్నాడు కదా!

టీచరమ్మ: ఒక పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపొమ్మన్నది ప్రభువే. దాక్కున్న చోటు నుంచే ఉత్తరాలు రాసి సంఘాన్ని నడిపించాడు. 258 సెప్టెంబరు 14న తల నరికించుకున్నాడు. నరికేవాడికి 25 బంగారు నాణేలు ఇమ్మన్నాడు.

పెద్దయ్య: ఎనిమిదేళ్ల తర్వాత! రోమా బిషప్ ఫాబియన్ పారిపోలేదు. 250 జనవరిలోనే ప్రాణమిచ్చాడు.

టీచరమ్మ: ఫాబియన్ గొప్పవాడే. ఆ మాటకు నేను అడ్డు చెప్పను. కానీ సిప్రియన్ అందరికీ ఊరికే తలుపు తీసేశాడనుకోకండి. జైలు శ్రమలు పడ్డ విశ్వాసులు కొందరు, ఫలానావాణ్ణీ వాడి వాళ్లందరినీ చేర్చుకోండని చీటీలు రాసిచ్చేవారు. ఎవరెవరో తేల్చకుండా అలా గుంపుగా రాస్తే ఒప్పుకోనన్నాడు. 251లో బిషప్పులంతా కార్తేజ్‌లో కూడారు. పత్రం కొన్నవాళ్లను ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలి. బలి ఇచ్చినవాళ్లు పశ్చాత్తాపంలోనే ఉండాలి, చావు దగ్గరపడితే మాత్రం చేర్చుకోవాలి. ఇదీ తీర్మానం. కన్నీళ్లతో సంవత్సరాలు గడిపినవాళ్లున్నారు. నోవేషియన్ అనే పాదిరి మాత్రం రోమాలో వేరే గుంపు పెట్టి, చావు దగ్గరపడినా సంఘం వీళ్లను చేర్చుకోకూడదన్నాడు. అయ్యా, ఏడుస్తున్నవాణ్ణి ఎప్పటికీ గుమ్మం బయటే నిలబెట్టేవాళ్లు, తనను చంపేవాళ్లను క్షమించమని ప్రార్థించిన స్తెఫను గురించి ఏ ముఖంతో బోధిస్తారు?

పెద్దయ్య: స్తెఫను తనకు జరిగినదాన్ని క్షమించాడు. ఆ విధవరాలి తరఫున ఎవరు క్షమిస్తారు? ఆమెనెవరైనా అడిగారా?

టీచరమ్మ: ఆ ప్రశ్న నన్నూ వదలదు. అందుకే, విశ్వాసులందరి ముందూ విచారణ జరగాలని సిప్రియన్ పట్టుబట్టాడు. వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చిందన్నట్టే రాశాడు.

పెద్దయ్య: జనం వద్దన్నా చేర్చుకున్నవాళ్లలో ఒకరిద్దరు మునుపటికంటే చెడిపోయారనీ ఆయనే రాశాడు. అదీ చెప్పండి.

టీచరమ్మ: చెప్తాను. చెడిపోయారు, నిజమే. సిప్రియనే రాసిన కాస్తుస్, ఎమిలియుస్ అనే విశ్వాసుల సంగతి కూడా చెప్పుకోవాలి మరి. మొదటిసారి అగ్నికి తాళలేక లొంగిపోయారు. రెండోసారి అదే అగ్నిలో నిలబడ్డారు. ఇక డెసియస్ తర్వాత గాలస్ చక్రవర్తి కాలంలో మళ్లీ హింస వస్తుందని తెలిసింది. పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లందరినీ వెంటనే చేర్చుకోవాలని బిషప్పులు నిర్ణయించారు. క్రీస్తు కోసం రక్తం చిందించమని పిలుస్తూ, ఆయన గిన్నె మాత్రం వాళ్లకు ఇవ్వం అంటే ఎలా అని బిషప్పుల వాదన. మీరైతే ఏం చేసేవారు? గిన్నె ఇవ్వకుండానే యుద్ధానికి పంపేవారా?

పెద్దయ్య: పంపేవాణ్ణి కాదు. కానీ ముందు ఆ విధవరాలి ఇంటికి వెళ్లి అడిగేవాణ్ణి.

టీచరమ్మ: అయితే నేనూ మీతో వస్తాను. పడిపోయినవాణ్ణి కూడా మన వెంట తీసుకెళదాం.