డి అంటే డెన్వర్ కాదు

అమెరికాలో లింకన్ సెంట్ల ఆల్బం పట్టుకున్న ప్రతి ఆసామికీ ఒక దశ వస్తుంది. గడులన్నీ నిండిపోతాయి. 1909-ఎస్ వీడీబీ అనే అరుదైన సెంటు గడి ఒక్కటీ బోసిగా మిగిలి వెక్కిరిస్తూ ఉంటుంది. అది కొనాలంటే ముందు ఇంట్లో చెప్పాలి. ఆ ధైర్యం చాలక, “పోనీ, బ్రిటిష్ నాణేలు మొదలెడదాం. పాతవి, పెద్దవి, పైగా చవక” అనుకుంటాడు. చవక అన్నమాట అబద్ధం కాదు. 1869 లాంటి గడ్డు సంవత్సరాలు వదిలేస్తే, బాగా అరిగిన విక్టోరియా కంచు పెన్నీ ఒక కాఫీ ఖర్చులో వచ్చేస్తుంది. తర్వాత పడే తిప్పలన్నీ సెంట్ల దగ్గర ఒంటబట్టిన అలవాట్ల పుణ్యమే.

మొదటి దెబ్బ పార్సిల్ విప్పీ విప్పకముందే తగులుతుంది. కవరు మీద “6 డి” అని రాసి ఉంటుంది. డి అంటే డెన్వర్ టంకశాల అని మన ఆసామికి నరనరానా జీర్ణించుకుపోయింది. లండన్ నాణెం మీద డెన్వర్ గుర్తు ఎక్కడుందా అని భూతద్దం పెట్టి ముందూ వెనకా గాలిస్తాడు. ఆ డి రోమన్ల డెనారియస్ నుంచి వచ్చింది, పెన్నీకి పొట్టి రాత. 6 డి అంటే ఆరు పెన్నీలు, అంతే.

ఆ వెంటనే లెక్క. నాలుగు ఫార్దింగులు ఒక పెన్నీ, 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. మధ్యలో రెండు షిల్లింగుల ఫ్లోరిను, రెండున్నర షిల్లింగుల హాఫ్ క్రౌను, అయిదు షిల్లింగుల క్రౌను. 1971 ఫిబ్రవరి 15న ఇంగ్లండు వాళ్ళు ఈ గొడవ వదిలించుకున్నారు. 12 పైలు అణా, 16 అణాలు రూపాయి అంటూ 1957 దాకా నెట్టుకొచ్చిన మన తాతలకైతే ఇది నోటి లెక్క. వందకి వంద సెంట్ల మీద పెరిగిన ప్రాణికి మాత్రం హాఫ్ క్రౌనుకి ముప్పై పెన్నీలని తేల్చుకోవడానికి కాగితం కావాలి.

టంకశాల అక్షరాల పిచ్చి అంత తేలిగ్గా వదలదు. అమెరికా వాళ్ళు ఏడాదితో పాటు అక్షరం కూడా జత చేసి సేకరిస్తారు కాబట్టి, పెన్నీ మీదా అదే వెతుకుతాడు. లండన్ టవర్ హిల్‌లోని ప్రభుత్వ టంకశాల రాయల్ మింట్‌లో కొట్టినవాటి మీద అక్షరమే ఉండదు. బర్మింగ్‌హామ్‌లోని ప్రైవేటు టంకశాల హీటన్ వాళ్ళు కొట్టిన కొన్నేళ్ళ పెన్నీల మీద హెచ్, 1918, 1919ల్లో కింగ్స్ నార్టన్ వాళ్ళు కొట్టినవాటి మీద కేఎన్ కనిపిస్తాయి. 1912 నుంచి వచ్చినవాటిలో ఈ అక్షరం తేదీకి ఎడమ పక్కన చిన్నగా ఉంటుంది. అరిగిన పెన్నీ మీద దాన్ని పట్టాలంటే దీపాన్ని పక్కవాటుగా పెట్టి చూడాలి. ఒక పౌను విలువ చేసే బంగారు సావరిన్ దగ్గర కథ ఇంకా రంజుగా ఉంటుంది. దాని మీద ఎస్ కనిపించగానే “శాన్ ఫ్రాన్సిస్కో!” అని అరుస్తాడు. అది సిడ్నీ. పీ కనిపిస్తే ఫిలడెల్ఫియా అంటాడు. అది పెర్త్. ఐ కనిపిస్తే ఏమనాలో తోచక ఊరుకుంటాడు. అది మన బొంబాయి, 1918లో మాత్రమే కొట్టారు.

ఇక తిప్పి చూడడం. అమెరికా నాణేన్ని నిలువుగా, పైఅంచు కిందికి వచ్చేలా తిప్పితేనే వెనక బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ నాణేన్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పాలి. ఈ సంగతి తెలియని ఆసామి అలవాటుగా తిప్పుతాడు, పెన్నీ వెనక ఉండే బ్రిటానియా అమ్మవారు తలకిందులుగా దర్శనమిస్తుంది. “డై, అంటే అచ్చు, తిరిగిపోయింది, ఎర్రర్ నాణెం దొరికింది!” అని గంతేస్తాడు. రెండోది తీస్తాడు, అదీ తలకిందులే. మూడోదీ అంతే. ఇరవై పెన్నీలూ అలాగే తేలాక కూడా, టంకశాల మొత్తం తాగి పనిచేసిందనే సిద్ధాంతానికే కాసేపు కట్టుబడి ఉంటాడు.

భద్రపరచడం అసలైన రసవత్తర ఘట్టం. పెన్నీ వెడల్పు సుమారు 30.8 మిల్లీమీటర్లు. అమెరికా హాఫ్ డాలర్ 30.6. కంటికి రెండూ ఒకటే. ఇంట్లో హాఫ్ డాలర్ క్యాప్సూళ్ళు, అంటే నాణెం దాచే గుండ్రటి ప్లాస్టిక్ డిబ్బీలు, పెట్టెడున్నాయి, కొత్తవి కొనడం దేనికి అనుకుంటాడు. పెన్నీని లోపల పెట్టి బొటనవేలితో నొక్కుతాడు. దిగదు. ఇంకాస్త నొక్కుతాడు. టప్ మని ఓ పక్క దిగుతుంది, రెండో పక్క పైకి లేస్తుంది. ఇప్పుడది లోపలికీ పోదు, బయటికీ రాదు. ఆ సమయంలో చేతికి అందేది స్క్రూడ్రైవరే. అది జారి గీసే గీత సరిగ్గా రాజుగారి చెంప మీద పడుతుంది, అలాంటి గీతలకి వేరే చోటు నచ్చదు. చేయాల్సిందల్లా కటింగ్ ప్లయర్‌తో క్యాప్సూల్ అంచుని బయటివైపు నుంచి తుంపేసి ప్లాస్టిక్‌ని బలివ్వడం. క్రౌనుతోనూ ఇదే తంతు: క్రౌను 38.6, వెండి డాలర్ 38.1. ఫార్దింగుకి రివర్సులో రోగం. సెంటు గూట్లో పట్టదు, అయిదు సెంట్ల నికెల్ గూట్లో లొడలొడలాడుతుంది. నాణేన్ని కాలిపర్‌తో కొలిచి, ఆ మిల్లీమీటర్ల అంకె చెప్పి క్యాప్సూల్ కొనాలి. మెత్తటి పీవీసీ కవర్లు ఎంత చవకైనా వద్దు. కొన్నేళ్ళలో కంచు మీద పచ్చటి జిగురు దిగుతుంది. దిగితే అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరబెట్టాలి, కిటికీ తలుపులు తీసి, పొయ్యికి దూరంగా.

అసిటోన్ అంటే గుర్తొచ్చింది, శుభ్రం చేయడం. సెంట్లని కడగకూడదని వీళ్ళందరికీ తెలుసు, కొత్తవాళ్ళకి ఉపన్యాసాలు కూడా ఇస్తారు. కానీ 1945 పెన్నీ ఒకటి చేతికొస్తుంది. అక్షరాలు పదునుగా ఉన్నాయి, అరుగుదల లేదు, రంగు మాత్రం నల్లటి గోధుమ. “ఎవరో పాడుచేశారు పాపం, కాస్త కెచప్ రాస్తే మెరుస్తుంది” అని ఉపన్యాసం మర్చిపోతాడు. మెరుస్తుంది కూడా, గులాబీ రంగులో, కొత్తగా వేసిన కుళాయి గొట్టంలాగా. ఆ నలుపు మురికి కాదు. 1944 నుంచి 1946 దాకా పెన్నీలని రాయల్ మింట్ వాళ్ళే హైపోతో, అంటే ఫొటోలు కడిగే రసాయనంతో, నల్లబరిచి బయటికి పంపారు. 1934, 1935లవీ అలాంటివి దొరుకుతాయి. అంటే ఆసామి కడిగేసింది టంకశాల వేసిన రంగునే. దాన్ని మళ్ళీ ఎక్కించే మార్గం లేదు, చూసినవాడెవడూ కడగలేదంటే నమ్మడు.

వెండి సంగతి క్లుప్తంగా. 1919 దాకా నూటికి 92.5 పాళ్ళు, 1920 నుంచి 1946 దాకా 50 పాళ్ళు, 1947 నుంచి సున్నా, అంతా రాగి-నికెల్. అమెరికాలో 1964 దాకా 90 పాళ్ళ వెండి వచ్చింది కాబట్టి, 1950ల హాఫ్ క్రౌన్లని మూటల లెక్కన కొనేసే మహానుభావులు ఉన్నారు. బరువు చూసి పట్టుకుందామన్నా కుదరదు. వెండి హాఫ్ క్రౌనూ 14.14 గ్రాములే, నికెల్‌దీ అంతే. ఏడాది చదవడమే దిక్కు.

నాణెం ఎంత అరిగిందో చెప్పే గ్రేడులు ఇంకో చిక్కు. అమెరికాలో గుడ్ అంటే ఏడాది కనబడితే అదే పదివేలు అనే స్థితి. లండన్ వర్తకుడు “గుడ్ వెరీ ఫైన్” అని రాస్తే, వెరీ ఫైన్ కంటే ఓ మెట్టు పైన అని. పైగా లండన్ వెరీ ఫైన్ అమెరికా ఎక్స్‌ట్రా ఫైన్‌కి ఇంచుమించు సమానం. గుడ్ అన్న మాట చూసి ఆసామి వదిలేసిన నాణేన్ని పక్కవాడు నవ్వుకుంటూ ఎగరేసుకుపోతాడు.

చివరగా 1887. విక్టోరియా జూబిలీ అని ఆ ఏడాది కొత్త బొమ్మలు వేశారు, కొన్నిటి మీద విలువ వేయడం మానేశారు. నాలుగు షిల్లింగుల డబుల్ ఫ్లోరిను వచ్చింది, 36 మిల్లీమీటర్లు. మసక వెలుతురులో దాన్ని అయిదు షిల్లింగుల క్రౌను అనుకుని చిల్లర ఇచ్చేసిన బారు అమ్మాయిల కొంప మునిగింది, దానికి ఆ పేరే పడింది. 1890తో దాన్ని ఆపేశారు. వెనక గుర్రం మీద సెయింట్ జార్జ్ ఉంటే క్రౌను, నాలుగు డాళ్ళు ఉంటే డబుల్ ఫ్లోరిను. అదే ఏడాది ఆరు పెన్నీల నాణెం వెనక కిరీటం, డాలు వేశారు. అచ్చం బంగారు హాఫ్ సావరిన్‌లాగే ఉంది, పరిమాణం కూడా దాదాపు అంతే. జనం దానికి బంగారు పూత పూసి పదిషిల్లింగులకి చెలామణి చేశారు. ప్రభుత్వం ఆ ఏడాదే ఆ బొమ్మ ఎత్తేసి, సిక్స్ పెన్స్ అని అక్షరాల్లో వేయించింది.

మన ఆసామికి 1887 “హాఫ్ సావరిన్” బేరానికి వస్తుంది. తళతళలాడుతోంది. వంటింటి తూకం మీద పెడితే 3 చూపిస్తుంది. హాఫ్ సావరిన్ 3.99 గ్రాములుండాలి. “పాతది కదా, అరిగుంటుంది, పైగా ఈ తూకం దశాంశాలు చూపించదు” అని సర్దుకుని డబ్బు చెల్లిస్తాడు. గ్రాములో నూరోవంతు చూపించే తూకం ఇంటికి వచ్చాక 2.85 అంటుంది. ఆరు పెన్నీల వెండి నాణెం 2.83, మిగతాది పూత. పూత లేని 1887 సిక్స్‌పెన్సులు జనం వింతగా దాచుకోవడం వల్ల ఇప్పటికీ మంచి స్థితిలో విరివిగా దొరుకుతాయి. పూత పూసినది పాడైన నాణెం కిందే లెక్క, అది వాటికంటే తక్కువ.

ఈ ఆసామి బల్ల సొరుగులో 1883 నికెల్ ఒకటుంది, సెంట్స్ అన్న మాట లేకుండా ఉత్త రోమన్ అయిదంకెతో వచ్చినది. దానికి పూత పూసి, నున్నటి అంచుకి గీతలు పెట్టి అయిదు డాలర్ల బంగారు నాణెంగా అంటగట్టిన మోసగాళ్ళ కథ ఇంటికొచ్చిన ప్రతివాడికీ కూర్చోబెట్టి చెబుతాడు. సిక్స్‌పెన్సుకి ఆ గీతలు పెట్టే శ్రమ కూడా లేదు, అవి టంకశాల నుంచే వచ్చాయి. కొత్తది కూడా ఆ సొరుగులోకే చేరింది, ఈసారి సరైన కొలత క్యాప్సూల్‌లో.