దూలం బలం పెరిగితే ఆ భారం వెల్డు మీదే పడుతుంది

రచయిత గారూ, పేలుడు వేగానికి ఉక్కు బలం పెరుగుతుంది కాబట్టి పేలుడుని తట్టుకోవాల్సిన కట్టడానికీ మామూలు డిజైనే చాలని మీ వ్యాసంలో అన్నారు. మొదటి సగం నిజమే, రెండో సగం ప్రమాదకరం.

ల్యాబ్‌లో టెన్సైల్ పరీక్ష (ఉక్కు ముక్కని లాగి చూసేది) నిదానంగా జరుగుతుంది, యీల్డ్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) కొలిచేటప్పుడు స్ట్రెయిన్ రేటు, అంటే సాగే వేగం, సెకనుకు 0.001 లోపే. సాగే వేగాన్ని బట్టి బలం ఎంత పెరుగుతుందో చెప్పే కౌపర్-సైమండ్స్ సూత్రంలో మైల్డ్ స్టీల్‌కి వాడే విలువలు (40.4, ఘాతం 5) వేస్తే సెకనుకు 1 దగ్గర యీల్డ్ దాదాపు 1.5 రెట్లు, 40 దగ్గర రెండు రెట్లు. అల్టిమేట్ (తెగేముందు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) మాత్రం అంతగా పెరగదు. ఆ రెండింటి మధ్య ఎడం తగ్గేకొద్దీ సాగడం ఒకేచోట పోగుపడుతుంది. హై స్ట్రెంగ్త్ స్టీల్‌కి యీల్డ్ పెరుగుదలా తక్కువే, ఈ250 (E250, నామమాత్రపు యీల్డ్ 250 మెగాపాస్కల్స్ ఉండే మామూలు ఉక్కు గ్రేడు) గుణకం దానికి వాడకండి.

అసలు చిక్కు జాయింట్లలో. ఈ250 అని కొన్న దూలం మిల్ సర్టిఫికెట్‌లో (ఫ్యాక్టరీ ఇచ్చే పరీక్ష పత్రం) యీల్డ్ 290 మెగాపాస్కల్స్ చూపిందనుకోండి. వేగం వల్ల బలం పెరిగే లెక్కకి వాడే డైనమిక్ గుణకం 1.29తో 374 అవుతుంది. అంటే ప్లాస్టిక్ హింజ్ (దూలం శాశ్వతంగా వంగి కీలులా తిరిగే చోటు) ఏర్పడేలోపు, దూలం చివరి పలకని అతికే ఎండ్ ప్లేట్ వెల్డుకి, 250తో వేసిన లెక్కకి ఒకటిన్నర రెట్ల మొమెంట్ (వంచే బలం) వస్తుంది. వెల్డు అంచున చిన్న అండర్‌కట్ (వెల్డు పక్కన కరిగి ఏర్పడిన గాడి) ఉన్నా దూలం వంగకముందే అక్కడ చీలొచ్చు. అందుకే దూలాన్ని కనీస బలంతో, జాయింటుని గరిష్ఠ బలంతో లెక్కకట్టాలి. రీబౌండ్‌కి (పేలుడు ఒత్తిడి తగ్గాక దూలం వెనక్కి ఊగడం) ఎదురు దిశలోనూ చూడాలి.

ఇంకొకటి, వేగం పెరిగితే పెళుసుగా విరిగే ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది. ఉక్కుకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2062లో 'ఏ' క్వాలిటీకి చార్పీ పరీక్ష (గాడి ఉన్న ముక్కని సుత్తితో కొట్టి విరగడానికి పట్టే శక్తిని కొలిచేది) ఉండదు. ఆర్డర్‌లోనే బీ0 (0 డిగ్రీల దగ్గర 27 జౌల్స్) లేదా సీ (మైనస్ 20) అని రాయించండి, వెల్డింగుకి వాడే ఎలక్ట్రోడ్‌కీ అదే షరతు పెట్టండి.