గోడ మీద చెర్యాల బొమ్మ, టెండర్‌లో లేని చెర్యాల

హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ స్తంభాల మీదా ప్రభుత్వ కార్యాలయాల ప్రహరీల మీదా చెర్యాల అనే ఊరి పటచిత్రాల శైలి బొమ్మలు కొన్నేళ్లుగా కనిపిస్తున్నాయి. ఎర్రటి నేల మీద పెద్ద పెద్ద కళ్లు, తలపాగా చుట్టిన పల్లెటూరి మనుషులు, బోనమెత్తిన ఆడపడుచులు. సిగ్నల్ దగ్గర ఆగినవాడికి ఆ రంగులు ముచ్చటగానే ఉంటాయి. అలాంటి ఒక స్తంభం దగ్గరికి నడిచి వెళ్లి చూశాను. చెర్యాలలో వంశపారంపర్యంగా పటాలు గీసే నకాషీ చిత్రకారుడు సన్నని కుంచెతో ఒక్క ఊపులో లాగే కంటి గీత అక్కడ మూడు ముక్కలుగా అతికించినట్టుంది. చీర అంచు మీది చుక్కలు స్టెన్సిల్ పెట్టి అద్దినవి. పక్క స్తంభం మీదా, దాని పక్కదాని మీదా అదే మొహం, అదే తలపాగా. అట్టడుగున ఒక ఏజెన్సీ పేరు ఉంది కానీ గీసినవారి పేరు లేదు.

తప్పు గీసినవారిది అనను. చదరపు అడుగుకు ఇంత అని రేటు కట్టి, పది రోజుల్లో ముప్పై స్తంభాలు పూర్తి చేయమంటే ఎంత చెయ్యి తిరిగిన చిత్రకారుడైనా స్టెన్సిలే పడతాడు. తప్పు ఆ పనిని మనం పిలిచే పద్ధతిలో ఉంది. గోడకు బొమ్మ వేయించడాన్ని సాధారణంగా సున్నం వేయించడం లాంటి పనిగానే చూస్తున్నాం. సివిల్ పనులకు పిలిచినట్టే దానికీ టెండర్ పిలిస్తే ధరావతు కట్టాలి, గత సంవత్సరాల టర్నోవర్ చూపాలి, జీఎస్టీ నంబర్ ఉండాలి, చివరికి తక్కువ ధర వేసినవారికే పని దక్కుతుంది. సిద్దిపేట జిల్లా చెర్యాలలో ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పూసి తరతరాలుగా పటాలు గీస్తున్న నకాషీ కుటుంబాల్లో టర్నోవర్ సర్టిఫికెట్ ఎవరి దగ్గర ఉంటుంది? మాసబ్‌ట్యాంక్‌లోని లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూ నుంచి శిల్పమో చిత్రలేఖనమో చదివి బయటికి వచ్చిన 24 ఏళ్ల యువతి ధరావతు ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే పని ఏజెన్సీకి వెళుతుంది, ఏజెన్సీ ఇంకొకరికి ఇస్తుంది, కుంచె పట్టుకునే మనిషి దగ్గరికి వచ్చేసరికి అది రోజుకూలీగా మారిపోతుంది. చెర్యాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ శైలిని రాజధాని గోడల మీద వాడుకుంటున్నప్పుడు ఆ కుటుంబాలకు ఒక్క పిలుపైనా వెళ్లాలన్న నియమం మాత్రం పెట్టుకోలేదు.

కళాకారుడిని నమ్మి పని అప్పగిస్తే ఏం వస్తుందో ఈ నగరానికి తెలియనిదేమీ కాదు. అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులోని అమరవీరుల స్తూపాన్ని ఒకసారి నిలబడి చూడాలి. 1969 ఉద్యమంలో నేలకొరిగినవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు దాన్ని రూపొందించారు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది కాబట్టి అప్పటికి తెలంగాణలో ఉన్నవి తొమ్మిది జిల్లాలే. ఆ తొమ్మిదిని ఆయన రాతిలోకి తెచ్చారు. స్తంభాన్ని ఎటువైపు నుంచి చూసినా తొమ్మిది గీతలు, పైన తెల్లని పువ్వుకు తొమ్మిది రేకులు. అక్కడ విగ్రహమంటూ ఏదీ లేదు, ఒక్క మనిషి మొహం కూడా లేదు. అయినా తెలంగాణలో ఏ ఉద్యమమైనా, ఏ ప్రమాణమైనా ఆ స్తూపం దగ్గరికే ఎందుకు వచ్చి ఆగుతుందో చూసినవారికి అర్థమవుతుంది. ఈ నేల చరిత్రను ఒంటబట్టించుకున్న శిల్పి ఆలోచన అది. చదరపు అడుగుల లెక్కలో అది ఎన్నడూ వచ్చేది కాదు.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి కథ అందరికీ తెలిసిందే. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు రాయగిరి కొండ రాతిని మలిచారు. 1990లో తరలిస్తుండగా విగ్రహం నీట మునిగి ప్రాణనష్టం జరిగింది. దాన్ని పైకి తీసి 1992లో నిలబెట్టారు. ఆ కాలంలోనే ట్యాంక్‌బండ్ మీద 33 మంది మహనీయుల విగ్రహాలు వెలిశాయి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో వాటిలో కొన్ని కూలాయి, తర్వాత మళ్లీ నిలబడ్డాయి. ఆ విగ్రహాలు ఎవరివో చిన్నపిల్లలూ చెబుతారు. వాటిని మలిచిన శిల్పులెవరని అడిగితే చెప్పగలిగేవారు అరుదు.

భారీ పనుల విషయంలో స్థానికులకు అసలు చోటే లేదనడం న్యాయం కాదు. 2023 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నోయిడాకు చెందిన శిల్పి రామ్ సుతార్ చేతిలో రూపుదిద్దుకున్నా, అదే ఏడాది జూన్‌లో ప్రారంభమైన అమరవీరుల స్మారకాన్ని తీర్చిదిద్దింది ఇక్కడి శిల్పి ఎం.వి. రమణారెడ్డే. అయితే ఇలాంటి పనులు పదేళ్లకు ఒకటో రెండో వస్తాయి, పేరు పడ్డవారినే వరిస్తాయి. వందల మంది యువ కళాకారులకు బతుకుతెరువు చూపగలిగేవి బస్టాపులు, పార్కులు, బస్తీ దవాఖానాలు, వార్డు కార్యాలయాల వంటి చిన్న పనులే. నా పట్టుదలంతా వాటి గురించే.

మక్తాలో అలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. నెక్లెస్‌రోడ్డు పక్కనున్న ఆ బస్తీలో వీధి చిత్రకళను ప్రోత్సహించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో ఇళ్ల గోడలే చిత్రాలయ్యాయి. బయటి కళాకారులతో పాటు నగరానికి చెందిన స్వాతి, విజయ్ దంపతులు కూడా అక్కడ బొమ్మలు వేశారు. ఇరుకు సందుల్లో, నీళ్ల డ్రమ్ముల మధ్య, ఆరేసిన బట్టల వెనక నుంచి తొంగిచూసే ఆ మొహాలు బస్తీవాళ్ల మొహాలే అనిపించేవి. కానీ పండగ చేసినంత తేలిక కాదు దాన్ని ఏటా నిలుపుకోవడం. ఎండకూ వానకూ బయటి గోడల రంగు ఎన్నేళ్లు ఆగుతుంది? మరమ్మతుకు పద్దు ఏది, బాధ్యుడెవరు అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోకపోతే ఎంత మంచి చిత్రమైనా పెచ్చులూడి టులెట్ స్టిక్కర్ల కింద పోతుంది.

పద్దు ఎలా పుట్టించాలో ఇతర నగరాలు దారి చూపాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా 1959లోనే నిర్మాణ వ్యయంలో ఒక శాతం వరకు కళకు కేటాయించే పద్ధతి తెచ్చింది. సియాటిల్ 1973లో నగర నిర్మాణ పనుల నిధుల్లో ఒక శాతాన్ని ఆర్డినెన్స్ ద్వారానే కేటాయించింది. మన దేశానికీ ఇది పరాయి ఆలోచన కాదు. ప్రభుత్వ భవనాల ఖర్చులో అతి చిన్న భాగంతో భారతీయ కళాకారులకు పని కల్పించవచ్చని నెహ్రూ సూచించిన కాలంలోనే ఢిల్లీ రిజర్వ్ బ్యాంకు ముంగిట శిల్పి రామ్‌కింకర్ బైజ్ యక్ష, యక్షిణి విగ్రహాలకు బీజం పడింది. ఇక మన లెక్క చూద్దాం. దుర్గంచెరువు తీగల వంతెనకు సుమారు రూ.184 కోట్లు అయ్యాయి. అందులో అర శాతం అంటే రూ.92 లక్షలు. మూడు లక్షల చొప్పున ముప్పై మంది కళాకారులకు ఒక్కో పని ఇచ్చినా ఇంకా రెండు లక్షలు మిగులుతాయి. గుంతలు పూడ్చకుండా బొమ్మలేమిటని కొందరు అడుగుతారు, ఆ కోపం న్యాయమైనదే. అయితే ఈ సొమ్ము గుంతల పద్దులోంచి తీసేది కాదు. వంతెన అంచనా వేసేటప్పుడే లైటింగ్‌తో పాటు అందులో చేర్చేది.

డబ్బు ఒక్కటే చాలదు, పిలుపు మారాలి. పని ప్రకటన తెలుగులో, ఉర్దూలో వెలువడాలి. ధరావతు, టర్నోవర్ నిబంధనలు తీసేసి, ముందు చిత్తు నమూనాలు అడిగి, ఎంపికైన కొద్దిమందికి ఆ నమూనా తయారీకి కూడా డబ్బు చెల్లించాలి. ఎంపిక సంఘంలో ఇంజినీర్లతో పాటు కళాకారులు, ఆ వీధిలో కాపురముండేవారు కూర్చోవాలి.

ఒప్పందంలో కళాకారుడి హక్కు రాయడం అన్నిటికన్నా ముఖ్యం. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ మలిచిన 140 అడుగుల కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన న్యాయపోరాటం 2005లో గానీ ముగియలేదు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం తన సృష్టిని చెడగొట్టకుండా అడ్డుకునే కళాకారుడి నైతిక హక్కుకు భంగం కలిగిందని తేల్చిన ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలను ఆయనకు అప్పగించి రూ.5 లక్షల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మన గోడల మీద బొమ్మలు చెరిపి వేరే రంగు పూసే ముందు గీసినవారికి కనీసం ఒక నోటీసు అందాలి.

వీటిలో కొన్నింటికి జీవో కావాలి, కొన్నింటికి బడ్జెట్ సమావేశం దాకా ఆగాలి. ట్యాంక్‌బండ్ మీద ఒక్కో విగ్రహం కింద, నడిచివెళ్లేవారు ఆగి చదివేలా శిల్పి పేరుతో ఒక పలక పెట్టడానికి అవేవీ అక్కర్లేదు. పాత ఫైళ్లు తిరగేసి, ఆ శిల్పులను ఎరిగిన పెద్దలను వాళ్లు బతికుండగానే కలిసి, ఆ 33 చోట్ల పేర్లు రాయించే పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.