బావమరిది, వాజలీన్, ఇంగ్లిష్ చానెల్

మారథాన్‌లో మోకాలు పోగొట్టుకున్న పెద్దమనిషితో డాక్టరు "కొన్నాళ్లు పరుగు మాని ఈతకెళ్లండి" అన్నాడంటే, వీధి చివరి మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ గురించి చెబుతున్నట్టు. మనవాడి చెవికి మాత్రం అది ఇంగ్లిష్ చానెల్ అని వినబడుతుంది. ఇంగ్లండ్‌లోని డోవర్ నుంచి ఫ్రాన్సుకు సముద్రంలో దగ్గరి దారిలో 33 కిలోమీటర్లే, పైగా కాళ్లతో పనేముంది!

ఉంది. 1875లో కెప్టెన్ వెబ్ 21 గంటల 45 నిమిషాలు బ్రెస్ట్ స్ట్రోక్‌తోనే ఈది చానెల్ దాటాడు. ఆయన్ని చూసి మనవాడు వాత పెట్టుకోకూడదు. కప్పలా తన్నిన ప్రతిసారీ మోకాలి లోపలివైపు లిగమెంట్ మీద లాగుడు పడుతుంది. అందుకని ఫ్రీస్టైల్, కాళ్లు పేరుకి ఆడిస్తూ. ఇక మోతంతా భుజాలదే: నిమిషానికి 60 బారలంటే ఒక్కో భుజానికి గంటకు 1,800. చెయ్యి తల ముందు అవతలి పక్కకు దాటి పడుతోందా, మోకాలు చూసిన ఫిజియోథెరపిస్టే భుజానికీ బిల్లు రాస్తాడు.

ఇదంతా మనవాడు నేర్చుకుంటాడు. 16 డిగ్రీల చన్నీళ్లకూ ఒళ్లు అలవాటు చేసుకుంటాడు. దెబ్బతినేది వాజలీన్ దగ్గర.

చలి ఆపే రబ్బరు వెట్‌సూట్ ఒప్పుకోరు. ఉప్పునీళ్లలో మెడ, చంకలు, తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి కాబట్టి వాజలీన్ తప్పదు. తెల్లవారుజామున, ఈతగాడి వెంట వచ్చే ఊగే పడవలో, మూడు వేళ్లతో తోడి తనే దట్టంగా పట్టించుకుంటాడు. అవే వేళ్లతో గాగుల్స్ సర్దుకుంటాడు. ఇంకేముంది, ఎడమ అద్దం మసక. నీళ్లలో ఆగి బొటనవేలితో తుడుస్తాడు. దానికీ వాజలీనే. కుడి అద్దానికీ అంటుతుంది.

వరస ఇదీ: సన్‌స్క్రీన్, చేతులు కడుక్కోవడం, గాగుల్స్, చిట్టచివర వాజలీన్. అదీ చేతికి గ్లవ్ వేసుకుని ఇంకొకరు రాయాలి. రెండో జత గాగుల్స్ పడవలో పొడిగా ఉంచి, అడిగినప్పుడు తాడుకు కట్టి వదలాలి. అరగంటకోసారి ఇచ్చే గోరువెచ్చని మాల్టోడెక్స్‌ట్రిన్ (శక్తినిచ్చే పిండిపదార్థం) కలిపిన నీళ్ల సీసా కూడా అంతే, మూత ముందే వదులు చేసి. తాగుతూ కబుర్లు పెట్టుకుంటే సముద్రపు ఆటుపోటు పక్కకు ఈడ్చుకుపోతుంది.

పడవలో ఉన్నది బావమరిది. గాగుల్స్ కోసం తాడు వెతకడం ఎందుకని వంగి, "పట్టుకో బావా!" అని చెయ్యే చాస్తాడు. బావమరిది చెయ్యిస్తే పట్టుకోని బావ తెలుగునాట ఇంకా పుట్టలేదు. మనిషి ఆసరా తీసుకుంటే ఈత అక్కడితో సరి. రూల్స్ చూసే అబ్జర్వర్ గడియారం చూసి పుస్తకంలో రాసుకుంటాడు.

పైకి లాగాక వేడి షవర్ కింద నిలబెట్టకూడదు. లోపలి వేడి ఇంకా కాసేపు పడిపోతూనే ఉంటుంది, కళ్లు తిరిగి పడొచ్చు. ముందు పొడి బట్టలు, ఉన్ని టోపీ, ఆ తర్వాత తీపి టీ. చేతులు వణుకుతుంటాయి కాబట్టి కప్పు సగమే నింపాలి.

బావమరిది నిండా పోస్తాడు.