పాట కొంటామన్నా అమ్మే కొట్టు లేదు

పదిహేనేళ్ల కిందట మన ఊళ్లలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా బస్టాండు దగ్గర సెల్ పాయింట్‌లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఫోన్లోంచి మెమరీ కార్డు తీసిస్తే కుర్రాడు దాన్ని రీడర్‌లో పెట్టి, 'ఏం పాటలు ఎక్కించమంటావన్నా?' అని అడిగేవాడు. చిరంజీవి హిట్స్, అయ్యప్ప భజనలు, డీజే ఫోక్ అంటూ ఫోల్డర్లు రెడీగా ఉండేవి. పది, ఇరవై రూపాయలిస్తే కార్డు నిండేది. ప్రతి పాట పేరు చివరా దాన్ని లాక్కొచ్చిన వెబ్‌సైట్ పేరు వేలాడుతుండేది. ఆ డబ్బులో పైసా కూడా పాట కట్టినవాళ్లకు గానీ, పాడినవాళ్లకు గానీ, హక్కులు కొన్న ఆడియో కంపెనీకి గానీ చేరేది కాదు.

దొంగ వ్యాపారమే, కాదనలేం. కానీ ఇంట్లో కంప్యూటర్ లేని మనిషికి పాట అమ్మడానికి అంతకన్నా సులువైన దారి మన దేశంలో ఇప్పటికీ ఎవరూ వేయలేదు. ఇంటర్నెట్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. నోటితో అడిగితే చాలు. ఆ కొట్లను దారికి తేవాలని సంగీత కంపెనీల సంఘం ఐఎంఐ లైసెన్సులు ఇచ్చే పథకం కూడా పెట్టింది. అది ఊళ్ల దాకా రాలేదు. దాడులు, కేసుల వార్తలు మాత్రం వచ్చాయి.

చట్టబద్ధమైన దుకాణాలు తెరిచినవాళ్లు ఈ కొనుగోలుదారును చూడనే లేదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో 'ఫ్లైట్' పేరుతో ఎంపీ3 పాటల అమ్మకం మొదలుపెట్టింది. పాట ఆరు రూపాయల నుంచి దొరికేది. 2013 జూన్‌కల్లా మూతపడింది. పైరసీతో పాటు చిన్న మొత్తాలు సులువుగా కట్టే వీలు లేకపోవడాన్నీ కంపెనీ కారణంగా చెప్పుకుంది. రెండో కారణం నిజంగా నిజం. ఆరు రూపాయల పాట కోసం కార్డు నంబరు కొట్టి, ఓటీపీ కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది? అసలు కార్డెంతమందికి ఉంది అప్పట్లో? 2012 డిసెంబర్‌లో వచ్చిన ఆపిల్ వాళ్ల పాటల కొట్టు ఐట్యూన్స్ స్టోర్‌లోనూ అదే కార్డు గొడవ, పైగా దానికి ఆపిల్ ఫోనో, లేదంటే ఏదో ఒక కంప్యూటరో ఉండాలి.

మనవాళ్లు పాటకు డబ్బివ్వరనే మాట తరచూ వింటుంటాం. నాకు నమ్మకం కుదరదు. కాలర్ ట్యూన్‌కి నెలనెలా ముప్పై రూపాయలు, పాట మార్చితే మళ్లీ పదిహేను కట్టింది ఈ జనమే కదా. అదీ ముప్పై సెకన్ల ముక్కకి, అదీ మనం కాదు, మనకు ఫోన్ చేసినవాళ్లు వినడానికి! ఎందుకు కట్టారంటే, నొక్కితే బ్యాలెన్స్‌లోంచి పోయేది. కొందరికి నొక్కకుండానే పోయేది, అందుకే రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఆ వసూళ్లలో సింహభాగం టెలికం కంపెనీలదే.

ఇంకో సాక్ష్యం 'కారవాన్'. 2017లో సరిగమ తెచ్చిన ఈ రేడియో లాంటి పెట్టెలో ఐదు వేల పాత పాటలు ముందే నింపి ఉంటాయి. ధర దాదాపు ఆరు వేలు. తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. అవే పాటలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయని తెలిసీ పిల్లలు అమ్మానాన్నలకు కొనిచ్చారు. వాళ్లు కొన్నది పాటల్ని కాదు, తిప్పితే మోగే వీలుని.

చిత్రమేమిటంటే, అడ్డంకి తొలగిన సమయానికి అంగడే ఎత్తేశారు. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు టీ బండి దగ్గర పది రూపాయలు స్కాన్ చేసి కడుతున్నాం. అదే ఏడాది గూగుల్ ప్లే మ్యూజిక్ మన దగ్గర పదిహేను రూపాయల నుంచి పాటలు అమ్మడం మొదలుపెట్టింది, 2020లో ఆ సర్వీసే ఆపేసింది. మిగిలింది స్ట్రీమింగ్, అంటే అద్దె. యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కితే పాట మనదైపోయిందనుకుంటాం, చందా ఆపితే అది తెరుచుకోదు. ఎయిర్‌టెల్ వాళ్ల పాటల యాప్ వింక్ 2024లో మూతపడినప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్ల ప్లేలిస్టులూ పోయాయి.

ఇవాళ ఒక్క ఫోన్‌తో పాటను సొంతానికి కొనాలంటే ఐఫోన్‌లో ఐట్యూన్స్ స్టోర్ ఉంది. విడిగా పాడుకునే కళాకారులవైతే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో ఏ ఫోన్ నుంచైనా కొనొచ్చు, కానీ డాలర్లు, పేపాల్ గొడవ. ఎక్కువమంది చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు సినిమా పాట కొనాలంటే పేరున్న కొట్టు ఒక్కటీ గుర్తుకు రాదు.

డేటా చౌక కదా, ఫైలెందుకు అంటారు. ఆటోలో, ట్రాక్టర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టుకుని తిరిగేవాళ్లను అడగాలి. సిగ్నల్ అందని పొలంలో కీప్యాడ్ ఫోన్‌తో పాటలు వినే పెద్దాయన్ని అడగాలి. వీళ్లు ఇవాళ్టికీ ఎక్కడో ఒకచోట పాటలు ఎక్కించుకుంటూనే ఉన్నారు.

ఆడియో కంపెనీల లెక్క వేరు. ఫైలు అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, స్ట్రీమింగ్‌లో విన్నప్పుడల్లా ఎంతో కొంత వస్తుంది. కానీ ఈ ఆటో అన్న ఆ లెక్కలో ఎప్పుడూ లేడు, అతని నుంచి వచ్చేది ఇప్పుడు సున్నా. తెలుగు పాటల హక్కుల్లో పెద్ద వాటా ఆదిత్య, లహరి, సరిగమ, టీ-సిరీస్ లాంటి కొద్ది సంస్థల దగ్గరే ఉంది కాబట్టి వందమందితో ఒప్పందాలు చేసుకునే పనీ లేదు. రీఛార్జ్ మీద కొట్టువాడికి కమీషన్ ఇచ్చినట్టే పాట మీదా ఇవ్వొచ్చు. గోడకు ఒక క్యూఆర్ కోడ్, యాభై రూపాయలకు ఓ ఇరవై పాటలు, లాక్ లేని ఎంపీ3. ఎక్కించే పని ఆ కుర్రాడికి వచ్చినదే.